చనక్కలేలో మనవాళ్ళు ఎటువైపు?

ఈ నాలుగైదేళ్ళలో హైదరాబాద్ నుంచి తుర్కీకి సఫర్ కట్టేవాళ్ళు బాగా పెరిగారు. సబబ్ అందరికీ తెలిసిందే. లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదీ కూర్చుని ఎర్తుగ్రుల్ సీరియల్ చూశాం. ఆ మోజు ఇంకా తీరలేదు. ఇస్తాంబుల్, బుర్సా, కోన్యా అయ్యాక ఇంకో రోజు మిగిలితే టూరువాళ్ళు చనక్కలే తీసుకెళ్తారు. తిరిగొచ్చాక ఫేస్‌బుక్‌లో ఒక ఫొటో పడుతుంది. వెనక నాలుగు స్తంభాల పెద్ద కట్టడం, పక్కన ఎర్ర జెండా, కింద ఒక రాత: 'కుఫ్ర్ మీద ఇస్లాం ఫతహ్'. దాని కింద వరుసగా మాషా అల్లాహ్‌లు.

ఆ రాత మీద నాకు ఎతరాజ్ ఉంది. షహీద్‌ల మీద కాదు, వాళ్ళ దర్జా అల్లాహ్ దగ్గర ఉంది. మనం ఆ జాగాను చూసే నజర్ మీదే నా పేచీ అంతా.

ముందు ఆ ఊరి సంగతి. చనక్ అంటే మట్టి గిన్నె. కలే అంటే మన ఖిలాయే. ఒకే అరబ్బీ మాట అటు తుర్కీలో కలే అయ్యింది, ఇటు ఉర్దూలో ఖిలా అయ్యింది. ఏజియన్ సముద్రం నుంచి ఇస్తాంబుల్‌కు పోవాలంటే ఏ ఓడైనా ఈ ఊరి ముందు నుంచే పోవాలి. ఇక్కడ జలసంధి వెడల్పు కిలోమీటరుకు కాస్త పైన, అంతే. ఈ ఒడ్డున ఆసియా, ఆ ఒడ్డున యూరప్. సుల్తాన్ మెహమ్మద్ ఫాతిహ్ 1453లో ఖుస్తున్‌తునియా గెలిచాక, పదేళ్ళు తిరిగేసరికి రెండు ఒడ్డుల మీదా రెండు ఖిలాలు లేపించాడు. అవతలి దాని పేరు కిలిత్‌బహీర్. బహర్ అంటే సముద్రం, కిలిత్ అంటే తాళం. సముద్రానికి తాళం వేశాడన్నమాట.

ఆ తాళం పగలగొట్టడానికి 1915 మార్చి 18న అంగ్రేజులు, ఫ్రాన్సువాళ్ళు పెద్ద నౌకాదళంతో వచ్చారు. పది రోజుల ముందే నుస్రత్ అనే చిన్న ఓడ రాత్రిపూట 26 మందుపాతరలు నీళ్ళలో పెట్టి పోయింది. మధ్యాహ్నానికల్లా ఫ్రాన్సు ఓడ బూవే ఆరు వందల మందికి పైగా మనుషులతో నిమిషాల్లో మునిగింది. సాయంత్రానికి ఇంకో రెండు అంగ్రేజు ఓడలూ పోయాయి. వచ్చినవాళ్ళు వెనక్కి తిరిగారు. ఇప్పటికీ మార్చి 18 తుర్కీలో షహీద్‌ల యాద్‌లో జరుపుకునే రోజు. 2022లో అదే తారీఖున జలసంధి మీద కొత్త పూల్ తెరిచారు. దాని పేరులో 1915 ఉంది. మధ్య భాగం పొడవు 2023 మీటర్లు, తుర్కీ రిపబ్లిక్ నూరేళ్ళకు గుర్తుగా. బురుజుల ఎత్తు 318 మీటర్లు, మూడో నెల పద్ధెనిమిదో తారీఖుకు గుర్తుగా. లోహంలో కూడా తారీఖు రాసుకున్న ఖౌమ్ అది.

సముద్రం మీద కుదరక ఏప్రిల్ 25న గెలిబోలు ద్వీపకల్పం మీద ఫౌజును దించారు. ఎనిమిది నెలల పైచిలుకు కందకాల్లో కొట్టుకుని, 1916 జనవరిలో చివరి సిపాయి కూడా ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఉస్మానీ ఫౌజులో సుమారు 86 వేల మంది చనిపోయారు. మనకు వాట్సాప్‌లో వచ్చే రెండున్నర లక్షల లెక్క జఖ్మీలను, బీమార్లను అందరినీ కలిపింది. అవతలి పక్షంలో సుమారు 44 వేల మంది పోయారు.

ఇంతవరకు టూరు గైడ్ చెబుతాడు. సయ్యద్ ఆన్‌బాషీ రెండు వందల కిలోల పైన బరువున్న ఫిరంగి గుండును వీపు మీద మోసిన కథ కూడా చెబుతాడు, అతని విగ్రహం చూపిస్తాడు. ఆ మనిషి యుద్ధం అయ్యాక ఊరికెళ్ళి బొగ్గు కాల్చుకుని అమ్ముకుంటూ, గరీబీలోనే 1939లో కన్నుమూశాడని ఎంతమంది చెబుతారో మరి.

మన గైడ్ చెప్పనిది ఇంకొకటి ఉంది. అదే నా సవాల్. ఆ కొండల మీద హిందుస్తాన్ ముసల్మానులు కూడా ఉన్నారు. ఎటువైపు ఉన్నారు?

అంగ్రేజుల వైపు. అంటే తుర్కుల మీద తుపాకీ ఎక్కుపెట్టిన వైపు.

హిందుస్తాన్ నుంచి సుమారు పదహారు వేల మంది గెలిబోలు వెళ్ళారు. సిక్కులు, గూర్ఖాలు, పంజాబీ ముసల్మానులు. 14వ సిక్కు దళం జూన్ 4న ఒక్క రోజులోనే సగానికి పైగా మనుషులను పోగొట్టుకుంది. ఏప్రిల్ 25నే ఆస్ట్రేలియావాళ్ళతో పాటు దిగిన కొండ ఫిరంగుల దళంలో సిక్కులు, ముసల్మానులు కలిసి పనిచేశారు. నీళ్ళు, తూటాలు, రొట్టెలు కొండపైకి చేర్చింది కంచరగాడిదల దళం. వాటిని తోలేవాళ్ళను ఫౌజులో ద్రాబీ అనేవాళ్ళు. వాళ్ళలో ముసల్మానులు ఎందరో. గుళ్ళ వానలో రాత్రంతా నడిచేవాళ్ళు. వాళ్ళు కాల్చిన చపాతీల కోసం ఆస్ట్రేలియా సిపాయిలు తమ బిస్కెట్లు ఇచ్చి మారకం చేసుకునేవారట.

ఇప్పుడు ఒక రాత్రిని తలచుకోండి. మే 18 దాటి 19 తెల్లవారుతోంది. తుర్కులు నలభై వేల మందికి పైగా కందకాల్లోంచి లేచి మీదకొచ్చారు. నోట అల్లాహ్, అల్లాహ్ అనే నారా. తెల్లారేసరికి మూడు వేల మంది నేలకొరిగారు. లాషల వాసన భరించలేక అయిదు రోజుల తర్వాత ఇరుపక్షాలూ ఒక రోజు కాల్పులు ఆపి ఖబర్లు తవ్వుకున్నాయి. ఆ చీకట్లో ఆ నారా విన్నవాళ్ళలో జీలం నుంచో రావల్పిండి నుంచో వచ్చిన ముసల్మాన్ సిపాయి కూడా ఉన్నాడు. తాను రోజుకు అయిదుసార్లు అనే మాటే అవతలి నుంచి వినిపిస్తోంది. 'కుఫ్ర్ మీద ఇస్లాం ఫతహ్' అని రాసేవాళ్ళు ఇతన్ని ఏ గదిలో పెడతారు?

అంగ్రేజు అఫ్సర్లకు కూడా ఈ ఖటక లేకపోలేదు. 69వ, 89వ పంజాబీ దళాల్లో ముసల్మాన్ కంపెనీలున్నాయని, తుర్కుల మీద వాళ్ళ మీద భరోసా పెట్టలేమని, ఆ రెండు దళాలనూ మే నెలలోనే ఫ్రాన్సుకు పంపేసి గూర్ఖాలను తెప్పించుకున్నారు. అంతకు ముందే ఫిబ్రవరిలో సింగపూర్‌లో ముసల్మాన్ పటాలం తిరగబడింది. తమను తుర్కుల మీదకు పంపుతారన్న పుకారు ఆ బగావత్‌కు ఒక కారణం. 47 మందిని జనం చూస్తుండగా జైలు గోడ ముందు నిలబెట్టి కాల్చేశారు. వాళ్ళకు ఏ ఊళ్ళోనూ నాలుగు స్తంభాల కట్టడం లేదు.

మన దక్కన్ సంగతి మాత్రం తక్కువా? ఇటు మౌలానా ముహమ్మద్ అలీ తుర్కుల పక్షాన కామ్రేడ్ పత్రికలో రాసి దానికి తాళం వేయించుకున్నారు. అటు మన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మాత్రం అంగ్రేజు సర్కారుకు వఫాదార్లుగా ఉండమని ముసల్మానులకు ఎలాన్ చేశారు. హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ కాలువ కాపలాకు వెళ్ళి, 1918లో ఫలస్తీన్‌లో ఉస్మానీ ఫౌజు మీద జంగ్‌లో ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ ముగ్గురు కంచు సిపాయిల్లో ఒకరు మన హైదరాబాద్‌వాడే. అదే నిజాం 1931లో తన పెద్ద కొడుక్కు ఆఖరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్‌వార్‌ను కోడలిగా తెచ్చుకున్నారు. పురానీ హవేలీ దగ్గర ఆమె పేరున ఉన్న దవాఖానాలో మన పిల్లలకు ఈరోజుకీ మందు దొరుకుతోంది. తారీఖ్ ఇంత మెలికలు తిరిగి ఉంటే, దాన్ని ఒక్క నారాలో ఎలా ఇరికిస్తాం?

కొందరు దోస్తులు అంటారు: వాళ్ళు గద్దార్లు, రోటీ కోసం ఉమ్మత్‌ను అమ్ముకున్నారు అని. నేను ఒప్పుకోను. ఇంట్లో భూమి లేక, పంట లేక, నెల జీతం కోసం పటాలంలో చేరిన రైతు బిడ్డకు ఏ జంగ్‌కు పోతున్నాడో ఎవరు చెప్పారు? హుకుం ఇచ్చినవాడు లండన్‌లో ఉన్నాడు. ఇక అవతల, 1914 నవంబరులో ఇస్తాంబుల్ నుంచి జిహాద్ ఎలాన్ వెలువడింది సరే, చనక్కలేలో ఆ ఫౌజుకు సర్దార్ ఎవరు? జర్మనీ జనరల్ లిమాన్ ఫాన్ సాండర్స్. కైసర్ పక్షాన ఒక సల్తనత్, కింగ్ జార్జ్ పక్షాన ఇంకో సల్తనత్. ఫ్రాన్సు తరఫున వచ్చినవాళ్ళలో సెనెగల్ ముసల్మానులూ ఉన్నారు. ఉస్మానీ ఫౌజులో హలబ్ నుంచి వచ్చిన అరబ్బులూ ఉన్నారు, ఈసాయీలూ ఉన్నారు. ఆ మట్టిలో కలిసినవాళ్ళను కుఫ్ర్, ఇస్లాం అని రెండు వరసల్లో నిలబెట్టడం ఎవరి తరం?

ఇంకో తారీఖు కూడా ఉంది. చెప్పకుండా దాటేస్తే అది ఇన్సాఫ్ కాదు. గెలిబోలు మీద ఫౌజు దిగడానికి ముందు రాత్రి, 1915 ఏప్రిల్ 24న, ఇస్తాంబుల్‌లో అర్మేనియన్ల కవులను, పత్రికలవాళ్ళను, వకీళ్ళను ఇళ్ళలోంచి పట్టుకుపోయారు. ఆ తర్వాత అనాతోలియా ఊళ్ళలోంచి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు ఎడారి దారి పట్టారు. లక్షల మంది తిరిగి రాలేదు. నూరేళ్ళ తర్వాత, 2015లో, తుర్కీ సర్కారు చనక్కలే జల్సాను సరిగ్గా ఏప్రిల్ 24నే పెట్టుకుంది. అదే రోజు యెరెవాన్‌లో అర్మేనియన్లు తమవాళ్ళ యాద్‌లో కూడారు. ఒక మాతమ్‌ను వినబడకుండా చేయడానికి ఇంకో మాతమ్‌ను ముందుకు తేవడం షహీద్‌లకు ఇజ్జత్ కాదు. గుజరాత్ నుంచి ముజఫ్ఫర్‌నగర్ దాకా మజ్లూంల లెక్క దాచిపెట్టకండి అని రోజూ అడిగే మనం, మనకు నచ్చిన ఖౌమ్ చేసిన జుల్మ్ దగ్గరికొచ్చేసరికి మాట మింగేస్తే, మన జమీర్‌కు జవాబు ఏం చెబుతాం?

ఇదంతా తుర్కుల త్యాగాన్ని తక్కువ చేయడమే కదా అని కొందరికి అనిపించవచ్చు. తమ ఇంటి గడప మీదకొచ్చిన ఫౌజును ఆపినవాళ్ళు వాళ్ళు. ఆ హక్కును ఎవరూ కాదనలేరు. దుష్మన్ ఖబర్లను కూడా సాఫ్‌గా ఉంచనిచ్చారు, ఏటా ఏప్రిల్ 25 తెల్లవారుజామున ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వారసులకు తలుపు తెరుస్తున్నారు. అరిబుర్ను దగ్గర 1985లో నిలబెట్టిన రాయి మీద ముస్తఫా కెమాల్ మాటలంటూ చెక్కారు. మీ కొడుకులు ఇప్పుడు మా కొడుకులు కూడా అని దూరదేశాల తల్లులకు తసల్లీ చెప్పే మాటలవి. ఆయన నిజంగా అన్నారా లేదా అని తారీఖ్‌దాన్‌లు బహస్ చేస్తూనే ఉన్నారు. ఎవరన్నా మంచి మాటే. కాకపోతే ఆ రాయి ముందు నిలబడితే అందరికీ సిడ్నీ తల్లులే యాదికొస్తారు. జీలం తల్లులు ఎవరికీ యాదికి రారు. కనీసం మనకైనా రావద్దా?

అందుకే వెళ్ళేవాళ్ళకు నా గుజారిష్ ఒకటే. ఊళ్ళో సముద్రం ఒడ్డున ట్రాయ్ సినిమాలో వాడిన కొయ్య గుర్రం ఉంది, దాని ముందు పిల్లలకు ఫొటో తీయండి, తప్పు లేదు. అవతలి ఒడ్డుకు దాటి, 1960లో తెరిచిన షహీద్‌ల ఆబిదా దగ్గరికి వెళ్ళండి. ఫాతిహా చదవండి. అక్కణ్ణుంచి బస్సు వెనక్కి తిప్పేముందు డ్రైవర్‌ను ఇంకొంచెం ముందుకు, ద్వీపకల్పం కొసకు పోనివ్వమనండి. కొద్ది కిలోమీటర్లే. అక్కడ హెలెస్ మెమోరియల్ అనే తెల్లటి రాతి స్తంభం ఉంది. ఖబర్ కూడా దొరకని ఇరవై వేల పైచిలుకు మంది పేర్లు దాని గోడల మీద చెక్కి ఉన్నాయి. హిందుస్తానీ పటాలాల పేర్లున్న పలకలు వెతకండి. సింగ్‌లు కనబడతారు, థాపాలు కనబడతారు, ఖాన్‌లు, ముహమ్మద్‌లు కనబడతారు.

వాళ్ళ కోసం ఎవరూ జెండా పట్టుకుని రారు. తుర్కులకు వాళ్ళు దుష్మన్లు, అంగ్రేజులకు నౌకర్లు, మనకు శరం. ఖాన్‌ల కోసం, ముహమ్మద్‌ల కోసం మగ్‌ఫిరత్ దువా చేయండి. సింగ్‌ల పేర్లు, థాపాల పేర్లు కూడా పైకి చదవండి, నూరేళ్ళకు పైగా ఎవరూ పిలవని పేర్లవి. ఆ తర్వాత కావాలంటే ఫొటో తీసుకోండి. కింద ఏం రాయాలో అప్పుడు మీకే తోస్తుంది.