ట్యాంకుకు ఊపిరి ఆడాలి
పాతబస్తీ మీర్ ఆలం చెరువులోనైనా, హుస్సేన్‌సాగర్‌లోనైనా పెట్రోలు బోటు తిప్పాలంటే వేసవి తనిఖీలో ముందు చూడాల్సింది ట్యాంకు గాలిగొట్టాన్ని. పది డిగ్రీల వేడి పెరిగితే పెట్రోలు దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది. 50 లీటర్లకు అరలీటరు. ఆవిరి ఒత్తిడి అంతకన్నా వేగంగా పెరుగుతుంది. గొట్టంలో పురుగు గూడు కట్టినా, మట్టి అడ్డుపడినా ఆ ఒత్తిడి బలహీనమైన అతుకును వెతుక్కుంటుంది. కారేది అక్కడ, అసలు లోపం పైన. అతుకొక్కటే మారిస్తే మళ్లీ కారడం ఖాయం.

మూత గట్టిగా బిగిస్తే చాలదా, గొట్టం తెరిచి ఉంటే ఆవిరి ప్రమాదం కాదా అంటారు. నిజమే, ఆవిరి ప్రమాదమే. గాలికన్నా బరువు కనుక బోటు అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే గొట్టం నోరు బోటు బయటికి, నీరు చొరబడని ఎత్తులో ఉండాలి. ట్యాంకును అంచుదాకా నింపనూ కూడదు. పిల్లల్ని ఎక్కించే ముందే ఈ పరీక్ష జరగాలని నిర్వాహకులను గట్టిగా అడగాలి.