నార్మల్ అని వచ్చింది, మాత్ర మానవచ్చునా?



గృహ దర్శనములకు వెళ్లినప్పుడు, ప్రార్థన ముగిశాక తల్లులు బీరువాలోనుండి ఒక కవరు తీసి చూపిస్తుంటారు. థైరాయిడ్ రక్తపరీక్ష రిపోర్టు. “అయ్యగారూ, కాగితంలో ఎక్కువ అని ఉంది, డాక్టరుగారేమో తక్కువ అంటున్నారు, ఏది నిజం?” అని అడుగుతారు. నేను వైద్యుడను కాను గాని, ఈ మాట మాత్రం చెప్పగలను: రెండూ నిజమే.

గొంతు ముందు ఉండే థైరాయిడ్ గ్రంథి టి4, టి3 అనే హార్మోనులను తయారుచేస్తుంది. టి.ఎస్.హెచ్. అక్కడ పుట్టదు. అది మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి పంపే ఆజ్ఞ. కూలీలు మందకొడిగా ఉంటే మేస్త్రీ కేకలు పెరుగుతాయి గదా! అలాగే థైరాయిడ్ పని తగ్గితే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేస్తే టి.ఎస్.హెచ్. పడిపోతుంది, అప్పుడు గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం కనిపిస్తాయి. టి.ఎస్.హెచ్. సుమారు 0.4 నుండి 4 వరకు ఉండాలంటారు. అయితే ల్యాబును బట్టి హద్దులు కొంచెం మారుతాయి గనుక, మీ కాగితములో ప్రక్కనే అచ్చువేసిన హద్దులనే చూడండి. టి4 సరిగానే ఉండి, టి.ఎస్.హెచ్. కొద్దిగా పెరిగితే కంగారుపడవద్దు. చాలాసార్లు డాక్టర్లు కొన్ని వారములు ఆగి మరల పరీక్ష చేయిస్తారు. పెద్ద వయసువారిలో ఆ అంకె కొంచెం పైకి ఉండడం మామూలే.

అసలు చిక్కు నార్మల్ అని వచ్చినప్పుడే. మాత్ర వేసికొంటున్న సహోదరి రిపోర్టు చూచి, ప్రార్థన ఫలించింది, ఇక మందెందుకని మానివేస్తుంది. ప్రార్థనను నేను తక్కువ చేయను. కాని ఆ అంకె మాత్ర వలన వచ్చినది. 1891లో ఇంగ్లండులో జార్జి ముర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ నుండి తీసిన రసమును 46 ఏళ్ల స్త్రీకి సూదిమందుగా ఇచ్చాడు. ఆమె అట్టి మందునే కొనసాగిస్తూ 1919 వరకు బ్రతికింది. ప్రసవము తరువాత వచ్చే లోపము కొందరిలో తానే సర్దుకొనే మాట నిజమే. అది తేల్చవలసినది డాక్టరుగారు. సాక్ష్యము చెప్పకముందే వారిని అడగండి.

ఉపవాస దినములలో మాత్ర మానేవారూ ఉన్నారు. ఆ మాత్రను ఉదయమే పరగడుపున, నీళ్లతోనే వేసికోవాలి. దానివలన ఉపవాసము చెడదని పాస్టరుగా చెప్పుచున్నాను.

పెండ్లి సంబంధము తప్పిపోతుందని ఆడపిల్ల మాత్రల సంగతి దాచే తల్లిదండ్రులారా, కొంచెం ఆలోచించండి. అత్తవారింట చాటుగా వేసికోలేక ఆమె మానేస్తుంది. గర్భము నిలిచిన మొదటి నెలలలో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారము. అది చాలకపోతే గర్భస్రావము కావచ్చు, బిడ్డ బుద్ధి వికాసము దెబ్బతినవచ్చు. మాత్ర వేసికొనేవారిలో చాలామందికి గర్భవతిగా ఉన్నప్పుడు మోతాదు పెంచవలసి వస్తుంది గనుక, నెల తప్పిందని తెలిసిన వెంటనే పరీక్ష చేయించాలి. ఆరోగ్య కేంద్రములో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలను దీనితో కలిపి మ్రింగకూడదు, నాలుగు గంటల ఎడముండాలి. లేకుంటే మాత్ర ఒంటికి సరిగా పట్టదు.

మోతాదు మార్చిన ఆరు నుండి ఎనిమిది వారములకు మరల రక్తము ఇవ్వాలి. అంతకుముందు ఇస్తే అంకె ఇంకా కుదురుకొని ఉండదు. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతుంటే డాక్టరుగారికి ముందే చెప్పండి, అవి రిపోర్టును తారుమారు చేయగలవు. పాత కాగితములు పారవేయవద్దు. ఒక్కొక్క దాని వెనుక ఆ రోజు వాడుచున్న మాత్ర ఎన్ని మైక్రోగ్రాములదో, పరగడుపున వేసికొంటున్నారో లేదో పెన్సిలుతో వ్రాసిపెట్టి, తరువాత వెళ్లినప్పుడు కవరంతా తీసికొని వెళ్లండి.