ఎండపొడలోని నలుసులు



కిటికీసందున పడిన ఎండపొడలో తేలాడు నలుసునకు మన పూర్వులు త్రసరేణువని పేరిడిరి. మనుస్మృతి తూనికలన్నిటికి దానినే మొదటిదిగా గ్రహించినది. కంటికి గానవచ్చు ఆ నలుసు చాలవరకు ముక్కుననే ఆగిపోవును. ఊపిరితిత్తుల లోతునకు దిగునవి అంతకంటె సూక్ష్మములు. రెండున్నర మైక్రానులకు, అనగా తలవెండ్రుక మందములో ఇంచుమించు ఇరువదియైదవ పాలునకు లోబడినవి. వీనిలో కొన్ని పొయ్యినుండియో బండినుండియో కణములుగనే వెలువడును. మఱికొన్ని గాలిలోనే, ఎండవలన పుట్టును. ఈ రెండవ తెగను గూర్చియే నేటి ప్రసంగము.

తార్నాకలో కాపురముండువారికి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము పెరటితోటవంటిది. వేయియెకరములకు మించిన ఆ నేలలో చెట్లు అడవివలె పెరిగియున్నవి. చుట్టును తార్నాక, విద్యానగరు, హబ్సిగూడ దారులలో బండ్లు రేయింబవళ్లు నడచుచున్నవి. అడవియు నగరమును ఇట్లు ఒండొంటి నొరసికొనుచోటనే ఎండ తన రసవాదమును చూపును.

చెట్లు ప్రాణవాయువునే గాక కొన్ని ఆవిరులను గూడ విడుచును. నీలగిరియాకు నలిపినపుడు వచ్చు ఘాటు అట్టిదే. నీలగిరి, రావి, మోదుగ మున్నగునవి ఐసోప్రీను అను ఆవిరిని వెలుతురున్నంతసేపు విడిచి, చీకటిపడగనే మానును. ఇక బండ్లపొగలో నైట్రోజను డయాక్సైడు గలదు. ఎండ తగులగనే అది చీలి ఒక ప్రాణవాయు పరమాణువును వదలును; ఆ పరమాణువు గాలిలోని ప్రాణవాయువుతో గలిసి ఓజోను అగును. ఓజోనును, దానినుండి ఎండ పుట్టించు మఱికొన్ని చుఱుకైన పదార్థములును ఆకుల ఆవిరిపై బడి దానిని బరువెక్కించును. బరువెక్కినది ఆవిరిగ నిలువలేక, చల్లని మూతకు నీటిబొట్లు పట్టినట్లు, మసినలుసులపై పేరుకొనును. క్రొత్త నలుసులుగ గూడ పుట్టును. అడవికొండలపై గానవచ్చు నీలిమసకకు చెట్ల ఆవిరులే కారణమని 1960లో వెంట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వ్రాసెను.

అట్లయిన దోషము చెట్లదేనా? 1980లో అమెరికా అధ్యక్షపదవికి పోటీచేయుచు రోనాల్డ్ రీగన్ ఇంచుమించు అంతమాటయు ననెను. పాలు విఱిగినవని పాలనే తిట్టి, నిమ్మకాయ పిండినవారిని విడిచిపెట్టుటవంటిదే ఇది. బండిపొగ లేనిచోట ఆకుల ఆవిరి ఇంత ఓజోనును పుట్టింపదు.

మన యింటి పెద్దలకు, ఉబ్బసపు పిల్లలకు దీనితో పనియున్నది. తెల్లవాఱుజాము గాలి అమృతమని మార్గశిరపు చలిలో సైతము ముసలివారిని చీకటితోనే నడకకు పంపుచుందుము. చలికాలమున రాత్రి నేల చల్లబడి, చల్లగాలి దుప్పటివలె క్రిందనే నిలిచి పొగను అణచియుంచును. సూర్యుడు పైకివచ్చి నేల వేడెక్కిన పిమ్మటనే అది పైకిలేచి పలుచనగును. కావున ఆ నెలలలో ఎండ బాగుగ కాచినపిదప, పెద్దదారులకు దూరమైన లోపలిబాటలలో నడచుట మేలు. వేసవిలో ఈ క్రమము తలక్రిందులు. అపుడు ఓజోను మధ్యాహ్నమునుండి హెచ్చును గనుక ప్రాతఃకాలమే తగినది. పిల్లలను మూడుగంటల యెండలో ఆటకు విడువరాదు.

ఘనపు మీటరు గాలిలో ఈ సూక్ష్మకణములు దినమునకు సగటున 60 మైక్రోగ్రాములు మించరాదని 2009లో మన ప్రభుత్వము, 15 మించరాదని 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించినవి. రెంటికి నెంత దూరమో చూడుడు! కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రతిదినము ప్రకటించు గాలినాణ్యపు అంకెను, పాలలెక్క చూచునట్లే, ఒకమాఱు చూచుట మంచిది.

మఱియొకమాట. ఫాల్గుణమున రాలిన ఆకులను ఊడ్చి వీధిమొగను తగులబెట్టు అలవాటు మన పేటలలో నింకను పోలేదు. ఆ పొగలోని గోధుమవన్నె ఎండకు కొన్నిగంటలలో వెలిసిపోవును గాని, వన్నె పోయినంతమాత్రమున విషము పోయినదనుకొనరాదు. ఆకులను గోతిలో వేసి, పేడనీళ్లు చల్లి, మన్ను గప్పి యుంచినచో కొన్ని నెలలకు మల్లెపాదులకు చాలినంత ఎరువు దొరకును.