పోస్టరు మూలన ఉన్న అక్షరం

రజనీకాంత్ సినిమా వచ్చిందంటే ఇంటిల్లిపాదీ బయలుదేరడం మన పల్లెలకు కొత్తకాదు. 2025 ఆగస్టు 14న ‘కూలీ’ వచ్చినప్పుడూ అంతే. తమిళంలో తీసి తెలుగులోకి డబ్బింగు చేసిన ఈ చిత్రంలో నాగార్జున ప్రతినాయకుడు. రజనీ, నాగార్జున ఇద్దరూ ఉన్నారంటే పిల్లల్ని ఇంట్లో వదిలి రావాలని ఏ తల్లికి తోస్తుంది? కానీ సెన్సారు బోర్డు దానికి ఇచ్చింది ‘ఎ’ సర్టిఫికెట్టు. 18 ఏళ్లు నిండని పిల్లలు చూడరాదు. తండ్రి వెంట ఉన్నా చూడరాదు.

‘యు/ఎ’ ఇప్పించమని నిర్మాతలు మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. కొన్ని దృశ్యాలు తీసేస్తే ఇస్తామన్నాం, వాళ్లే ఒప్పుకోలేదని బోర్డు తరఫున వాదించారు. ఆగస్టు 28న కోర్టు నిర్మాతల అప్పీలు కొట్టివేసింది.

ఇంతకూ అందులో ఏముంది? శవాన్ని ఆనవాలు మిగలకుండా బూడిద చేసే కుర్చీ ఒకటి ఉంది. ముఠా చంపినవాళ్లను అందులో కూచోబెట్టి కాలుస్తారు. కత్తిపోట్లు, నెత్తురు సరేసరి.

కత్తి, నెత్తురు మన పిల్లలకు తెలియనివా అని కొందరంటారు. ఆ మాటే మాకు కష్టంగా ఉంటుంది. ముఠాకక్షల్లో ఇంటిపెద్దను పోగొట్టుకున్న కుటుంబాలు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఇంటి పిల్లవాడు హాల్లో కూచుంటే, పక్కవాళ్లు ఈలవేసిన చోట వాడికి ఈల రాదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడింది మొదలు సీమంటే వేటకొడవళ్లు, బాంబులే అని మన తెలుగు సినిమా ఊరూరా చాటింది. రాతిలో దేవుళ్లను చెక్కే శిల్పుల ఊరు ఆళ్లగడ్డ అని బయట ఎందరికి తెలుసు? అది వేరే సంగతి.

తమిళ క్రైం చిత్రాలన్నీ చెడ్డవని కాదు. 2016లో విడుదలైన వెట్రిమారన్ ‘విసారణై’, పొట్టచేతబట్టుకుని గుంటూరు వచ్చిన తమిళ కూలీలను పోలీసులు చేయని దొంగతనం ఒప్పుకొమ్మని చితకబాదిన కథ. పెద్దలకే చూడటం కష్టం, అయినా చూడదగ్గది. అక్కడ దెబ్బ పడితే చూసేవాడికి నొప్పి. ‘కూలీ’లో దెబ్బ పడితే చప్పట్లు. ఈ తేడా పదేళ్లవాడికి ఎట్లా తెలుస్తుంది?

‘యు’ అందరికీ, ‘ఎ’ పెద్దలకే అన్నది చాలామందికి తెలుసు. చిక్కంతా 1983లో వచ్చిన ‘యు/ఎ’తోనే. 2023లో చట్టం సవరించి దాన్ని 7, 13, 16 ఏళ్లని మూడు తరగతులు చేశారు. ‘యు/ఎ 16+’ అని ఉన్నా పదేళ్లవాణ్ణి గేటు దగ్గర ఆపరు. తీసుకుపోవాలా వద్దా అన్నది తల్లిదండ్రులే తేల్చుకోవాలి. టిక్కెట్టు ఇచ్చారు గదా, చూపించవచ్చులే అనుకుంటే పొరపాటు.

ఆ అక్షరం పోస్టరు మీద ఏ మూలనో, ఇంగ్లీషులో, చీమంత ఉంటుంది. చాగలమర్రి నుంచో రుద్రవరం నుంచో ఆటో కట్టించుకుని పిల్లాపాపలతో వచ్చినవాళ్లను గేటు దగ్గర వెనక్కి పంపితే గొడవ కాక ఏమవుతుంది? హాలు యజమానులు టిక్కెట్ల కిటికీ దగ్గరా, పల్లెల్లో అంటించే వాల్‌పోస్టర్ల మీదా ‘పెద్దలకు మాత్రమే’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలి. ఖర్చు ఒక డబ్బా రంగు.

ఇక సెల్‌ఫోను. ‘కూలీ’ సెప్టెంబరులోనే ఓటీటీకి ఎక్కింది. 2021 నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలు ప్రతి చిత్రానికీ వయసు గుర్తు చూపాలి, 13 ఏళ్లు, ఆపై తరగతుల చిత్రాలకు తాళం వేసుకునే వీలు కల్పించాలి. ఆ తాళం ఎట్లా వేయాలో ఇంట్లో బాగా తెలిసింది పిల్లలకే కావడంతో, వాళ్లచేతే వేయించుకుంటున్న తండ్రులున్నారు! కాలేజీ చదివే మేనల్లుడో, పక్కింటి అమ్మాయో ఉంటే అడగండి. రహస్య అంకె మాత్రం మీరే నొక్కండి.