వేషమా, స్వభావమా?

యాలాల్ కళ్లములలో కందులను చెరిగి, జల్లెడ పట్టి, గట్టిగింజను తాలునుండి వేరుచేయుదురు. గింజకు జల్లెడ చాలును. మనుష్యునకు చాలునా? ఆ ప్రాంతపు యువకుల సెల్‌ఫోనులలోనికి సైతము వచ్చిన కాల్పనిక పాత్రధారణ క్రీడలు ఈ ప్రశ్ననే మన ముందుంచుచున్నవి.

ఇట్టి ఆటలలో పెక్కింటియందు ఆటగాడు ముందుగా తన పాత్రకొక తరగతిని ఎంచుకొనవలెను. ఈ పద్ధతికి ఆద్యమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడినది. కర్తలు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. అందు తరగతులు మూడే: యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు. మరుసటి యేడు దొంగయు చేరెను. యోధునకు మంత్రము లేదు. మాంత్రికునకు కవచము లేదు. ఆ కొరతయే ఆటకు ప్రాణము. ఒకరికి లేనిదానిని వేరొకరు పూరింపవలసియుండుటచేతనే నలుగురును కలిసి నడతురు.

మన లాక్షణికులును నాయకులను విభజించిరి. పదవ శతాబ్దిలో ధనంజయుడు దశరూపకమున ధీరోదాత్త, ధీరోద్ధత, ధీరలలిత, ధీరశాంతులను పేర్కొనెను. అచట కొలత స్వభావము. ఈ ఆటలలో కొలత వృత్తి. వృత్తిని పుట్టుకతో ముడివేసిన సమాజమున, దానిని ఆటగాడే కోరుకొనుట మెచ్చదగినదే. కాని కోరుకొన్న పిమ్మట గీత దాటనీయనిచో అదియు మరియొక కట్టుబాటే యగును.

తిక్కన భారతరచనకు పూనుకొన్నది విరాటపర్వముతో. అందు పాండవులు ధరించినవన్నియు తరగతులే: భీముడు వంటవాడు, అర్జునుడు నాట్యాచార్యుడు, నకులుడు అశ్వపాలకుడు, సహదేవుడు గోపాలకుడు. వేషములలో లోపము లేదు. ఐనను కీచకుని దౌష్ట్యమునకు ద్రౌపది కన్నీరొలికినప్పుడు వంటవాడు గరిటె విడిచెను. గోగ్రహణమున బృహన్నల గాండీవమెత్తెను. వేషము చాలని ఆ క్షణముననే కథ పండినది.

1978లో వచ్చిన ‘రూన్‌క్వెస్ట్’ తరగతులనే తొలగించి, చేసిన పనినిబట్టి నేర్పు పెరుగునట్లు ఏర్పరచినది. అంతదూరము పోనక్కరలేదు. కొత్తవానికి తరగతి మంచి వాకిలి. ఏమి చేయవలెనో తోచనివానికి చేయూత. తెలుగున ఆటలు రచింపబూనువారు ఆ వాకిలిని నిలుపుకొని, లోపలి గదులకు తాళములు వేయకున్న చాలును. యాలాల్ బాలుడొకడు యోధుడుగా ఆట మొదలిడి, గాయపడిన శత్రువునకు కట్టుకట్టి, వైద్యుడుగా ముగించుటకు అందు చోటుండవలెను. అట్టి ఆటను సాహిత్యమునకు బంధువనుటకు సందేహింపనక్కరలేదు.