గోడా - తలుపూ

వేసవి సెలవులకు జి. కొండూరు వెళ్ళాను. తోటల్లో కాయ దింపుతున్న రోజులు. మా అమ్మ ఆవకాయ జాడీకి వాసెన విప్పి మూడోనాటి కలుపు కలుపుతోంది. పెట్టిననాడు పొడిపొడిగా వున్న ముక్కల మీద ఇప్పుడు ఎర్రని ఊట, ఆ ఊట మీద పప్పునూనె.

నేను వెళ్ళింది మాత్రం ఆవకాయ కోసం కాదు, పంపకం కోసం. అన్నయ్యా నేనూ ఇల్లు చెరిసగం చేసుకున్నాం. నడవలో గోడ లేవాలి. బావి అన్నయ్య వైపు పడింది, పెద్ద వంటిల్లు నా వైపు.

"గోడ కడితే కట్టారు గాని, ఒక తలుపు పెట్టించండిరా" అంటుంది అమ్మ.

"తలుపు వుంటే అది పంపకం ఎలా అవుతుందమ్మా?" అన్నాను. కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి, మాటకు మాట తేలిగ్గానే దొరుకుతుంది.

అన్నయ్య కూతురు అక్కడే కూర్చుని వుంది. హైదరాబాదులో సైన్సు చదువుతోంది. జీవకణాల చుట్టూ వుండే పొరను గురించి దాని చదువు. మాట మార్చడానికి, "నీ చదువేమిటో నాకర్థమయ్యేలా చెప్పవే" అన్నాను.

అది గిన్నెలో నూనె పోసి రెండు నీటిచుక్కలు వదిలింది. పుల్లతో దగ్గరికి తోస్తే కాసేపటికి రెండూ ఒకటే చుక్క అయ్యాయి.

"చూశావా బాబాయ్! ఈ నూనెలో లెసిథిన్ లాంటి కొవ్వు పదార్థం కలిపామనుకో, ఇలా కలవవు" అంది.

లెసిథిన్ కోడిగుడ్డు పచ్చసొనలో వుంటుంది. దాని అణువుకు ఒక తలా, రెండు తోకలూ. తలకు నీళ్ళు కావాలి, తోకలకు నీళ్ళు గిట్టవు. అందుచేత ఆ అణువులు, మడిలో నాటిన వరినారు మాదిరిగా, వేళ్ళు నీటిలోనూ కొసలు నూనెలోనూ వుంచి చుక్కచుట్టూ ఒత్తుగా బారులు తీరుతాయి. అలాంటి చుక్కలు రెండు ఆనుకుంటే, మధ్యనున్న నూనె పక్కకు తప్పుకుని, కొసలకు కొసలు చేరి రెండు వరసల గోడ అవుతుంది. దాని మందమెంతంటారా? మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే అందులో నాలుగైదు భాగాలు! మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ వున్న పొర కట్టుబడి కూడా ఇదే.

ఇటువంటి పొరను 1962లో అమెరికాలో ముల్లర్, రుడిన్ ప్రభృతులు నీటి అడుగున ఒక చిన్న రంధ్రానికి అడ్డంగా కట్టారు. అది ఇట్టే చిట్లే రకం. నూనెలో నీటిని నీటికి ఆనించి కట్టే పద్ధతిని 2006లో జపాను వారు చూపారు. 2007లో ఆక్స్‌ఫర్డులో హేగన్ బేలీ బృందం చుక్కలను వరసగా పేర్చి, రోజుల తరబడి నిలిచే గోడలు కట్టింది.

"గట్టి గోడే!" అన్నాను, అమ్మ వైపు చూస్తూ.

"గట్టిదే గాని ఒట్టి గోడ బాబాయ్. నీళ్ళు మెల్లగా జారతాయి గాని, ఉప్పు కరిగితే ఏర్పడే అయాన్లను దాదాపు దాటనివ్వదు. ప్రొటీను తలుపులు పెడితేనే దానికి ప్రాణమొచ్చినట్టు."

పుండ్లకు చీము పట్టించే ఒక సూక్ష్మజీవి, తన విషంతో మన కణాల గోడలకు కన్నాలు వేస్తుంది. ఆ దొంగ కన్నాన్నే ఆక్స్‌ఫర్డు వారు చుక్కల మధ్య గోడలో అమర్చి, ఒక చుక్క నుంచి మరో చుక్కకు విద్యుత్తు నడిపించారు. 2013లో వేలకొద్దీ చుక్కలను అచ్చువేసినట్టు పేర్చారు. ఉప్పు ఎక్కువున్న చుక్కలు పక్కచుక్కల నీళ్ళు తాగి ఉబ్బితే, ఆ పేర్పు దానంతటదే ముడుచుకుంది. జాడీలో ఉప్పు, మామిడి ముక్కలోని నీళ్ళను లాగి ఊట చేయడమూ ఆ సూత్రం మీదనే.

"ఇంతా చేసి ఎందుకే ఇది?" అన్నాను.

"తలుపు చెడితే జబ్బు బాబాయ్. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని వుంది. అందులో క్లోరైడు వెళ్ళే తలుపు పుట్టుకతోనే చెడి, ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకుంటుంది. ఒంట్లో లెక్కలేనన్ని తలుపుల మధ్య ఒకదాన్ని పట్టి చూడటం కష్టం. ఈ గోడలో ఒక్కరకం తలుపే పెట్టి, అదెలా పనిచేస్తుందో, మందు తగిలితే ఏమవుతుందో చూడవచ్చు."

కొన్ని ద్వారాలు ఊరికే పనిచేయవట, కూలి అడుగుతాయట. ఆ కూలి పేరు ఏ.టి.పి. దాన్ని 1929లో, జర్మనీలో లోమన్ కనుగొన్న ఏడే, అమెరికాలో ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు!

అమ్మ ఏమీ అనలేదు. జాడీకి వాసెన కట్టి, రెండు గిన్నెల్లో ఆవకాయ సమానంగా సర్దింది. ఒకటి నా ముందు పెట్టింది. రెండోది మనవరాలి చేతికిచ్చి, "మీ నాన్నకివ్వవే. గోడ లేవకముందే" అంది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

మర్నాడు తాపీమేస్త్రీ వచ్చాడు. బావికి ఎదురుగా ద్వారబంధానికి చోటు వదలమన్నాను.

"గడియ ఏ వైపు పెట్టమంటారు బాబూ?" అన్నాడు.

అన్నయ్యను అడిగి చెబుతానన్నాను.