మూడు జాతుల ఆట



పిల్లలు కంప్యూటరు మీద ఆడే తుపాకీ ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టి తిట్టడం మన పెద్దలకు రివాజైపోయింది. ఇది సబబు గాదు. 1999లో ఇంగ్లండులోని రెబెలియన్ సంస్థవారు తయారుచేసిన 'ఏలియన్స్ వర్సెస్ ప్రిడేటర్' ఆటనే తీసుకోండి. ఇందులో ఆడేవాడు మూడు జాతులలో దేన్నయినా ఎన్నుకోవచ్చు. మానవ సైనికుడైతే చుట్టూ చీకటి. కదిలేవాటిని పసిగట్టి కూసే యంత్రమే దిక్కు. కదలక పొంచివున్నది దానికి చిక్కదు. ఏలియన్‌కు తుపాకీ లేదు గాని, గోడలమీదా కప్పులమీదా పరుగెత్తగలదు. ప్రిడేటర్ కంటికి కనబడకుండా తిరుగుతూ, ఒంటి వేడిమినిబట్టి మనిషిని పోల్చుకుంటాడు. ఎదుటివాని కంటితో చూడడమనే ఈ అభ్యాసం మెచ్చదగిందే. పరభాషల నడుమ తరతరాలుగా కాపురముంటున్న మనకు దాని విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే చూపులు మూడైనా చేసే పని చంపడమొక్కటే. ఏలియన్ శత్రువు తల కొరికి తన ప్రాణం నిలుపుకుంటుంది. 2010లో ఇదే పేరుతో వచ్చిన మరో ఆటను ఆస్ట్రేలియా అధికారులు 2009 డిసెంబరులో మొదట నిరాకరించి, అప్పీలుమీద అదే నెలలో, పదిహేనేండ్లలోపు వారికి పెద్దల తోడుండాలన్న షరతుతో అనుమతించారు. ఐరోపాలో మాత్రం 18 అంకె వేశారు.

అధికారులకే ఏకాభిప్రాయం లేనప్పుడు భారం ఇంటిపెద్దలది. వయసు అంకె చూడకుండా పన్నెండేండ్లవానికి కొనిపెట్టి, ఆనక వానినే తిట్టడం న్యాయం గాదు. ఆట చేతికిచ్చే ముందు పెద్దలే ఒక అరగంట చూచి, తగునో తగదో తేల్చుకోవాలని నా మనవి.

— ఒక విశ్రాంత గుమాస్తా, బళ్ళారి